మా ఎంపీ గారి ఆఫీసు, లెటర్‌ప్యాడ్: ఐదేళ్ళు వాడాక నా రివ్యూ

ఫోన్లకీ మిక్సీలకీ బిర్యానీ హోటళ్ళకీ రివ్యూలు రాస్తారు కదా, నేను ఎంపీ ఆఫీసుకి రాస్తున్నా. నవ్వుకోండి పర్లేదు. మాది పల్లెటూరి మండలం, మండలాఫీసు ఎదురుగా నాకు జిరాక్స్, ఆన్‌లైన్ పనుల షాపు ఉంది, అర్జీ రాయాలన్నా స్కాన్ చెయ్యాలన్నా జనం ముందు నా దగ్గరికే వస్తారు, అందులో సగం మంది "ఎంపీ గారి లెటర్ కావాలి, ఏం రాయాలో రాసిపెట్టు" అని వచ్చేవాళ్ళే. అలా 2019 నుంచి 2024 దాకా, అంటే పదిహేడో లోక్‌సభ ఉన్న ఐదేళ్ళూ, ఈ సర్వీసుని నా కోసం కొన్నిసార్లు, జనం కోసం చాలాసార్లు వాడాను. ఆయన పేరు రాయను, నియోజకవర్గం కూడా రాయను, రాస్తే కింద పనుల గురించి కాకుండా పార్టీల గురించి కొట్టుకుంటారు. పేరు పెట్టి ఎవర్నీ తిట్టే ఉద్దేశం కూడా నాకు లేదు, ఇప్పుడు ఆయన మాజీ కూడాను.

ముందు చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పి మొదలెడతా. మన దగ్గర ఒక్క ఎంపీ కింద ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు. ఆంధ్రాలో 25 మంది ఎంపీలకి 175 మంది ఎమ్మెల్యేలు, తెలంగాణలో 17 మందికి 119, ఎలా లెక్కేసినా ఏడే. కాబట్టి ఎమ్మెల్యే కనిపించినంత సులువుగా ఎంపీ కనిపించడు. అరకు చూడండి, ఆ చివర పాలకొండ, ఈ చివర రంపచోడవరం, మధ్యలో అన్నీ కొండలూ ఘాట్ రోడ్లూ, ఒక చావుకి వెళ్ళొచ్చేసరికి ఇంకో చోట పెళ్ళి అయిపోతుంది. మాది అంత కాదు గానీ మా ఊరి నుంచి ఎంపీ క్యాంపు ఆఫీసుకి వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి. ఐదేళ్ళలో ఆయన మా ఊరొచ్చింది మూడుసార్లు, రెండు పెళ్ళిళ్ళకి, ఒకసారి ఓట్లకి. నేనైతే దీన్ని తప్పుగా రాసుకోలేదు. మా వీధిలో వాళ్ళు మాత్రం ఇదొక్కటే చూసి సున్నా ఇచ్చేశారు.

ఆఫీసు గురించి. మెయిన్ రోడ్డు పక్కన మేడ, కింద పార్టీ జెండాలు, ఫ్లెక్సీలో ఆయన నవ్వుతూ నమస్కారం, ఆయన కంటే పెద్ద సైజులో ఆ ఫ్లెక్సీ వేయించిన వాళ్ళ ఫోటోలు. లోపల ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్యాన్లు బానే తిరుగుతాయి, మంచినీళ్ళ క్యాన్ ఉంటుంది, జనం తక్కువున్న రోజు టీ కూడా ఇస్తారు. ఎంపీ ఉండడు. ఉండేది పీఏ. ఈ సర్వీసులో అసలు సరుకు ఎంపీ కాదు, ఆయన పీఏ, ఇది రాసి పెట్టుకోండి. మాకు దొరికిన పీఏ మంచోడు, కోపం ఎక్కువ గానీ పని తెలిసినోడు, కాగితం చూడంగానే "ఇది మా పని కాదన్నా, ఎమ్మెల్యే గారి దగ్గరికెళ్ళు, రోజంతా ఇక్కడ కూర్చుని లాభం లేదు" అని మొహం మీదే చెప్పేవాడు. మా వాళ్ళు దానికి నొచ్చుకునేవాళ్ళు, నాకైతే అదే నచ్చింది. అతని కింద ఇద్దరు కుర్రాళ్ళు ఉండేవాళ్ళు, వాళ్ళు మాత్రం అన్నీ తీసుకుంటారు, అన్నిటికీ "అయిపోద్ది బాబాయ్" అంటారు, ఆ కాగితాలు ఎక్కడికి పోతాయో దేవుడికే తెలియాలి.

ఇప్పుడు లెటర్ల సంగతి. జనం ఎక్కువగా తీసుకునేది తిరుమల లెటర్, దాని ముందు మిగతావన్నీ దిగదుడుపే. బ్రేక్ దర్శనానికి ఒక లెటర్ మీద ఆరుగురు, టికెట్ ఒక్కొక్కరికి 500, గది విషయం మీ అదృష్టం. బ్రహ్మోత్సవాలప్పుడూ వైకుంఠ ఏకాదశికీ లెటర్లు తీసుకోరు, అది తెలియక డిసెంబర్లో వచ్చి గొడవపడే వాళ్ళని ప్రతి ఏడాదీ చూశా. తెలంగాణ వాళ్ళయితే మా లెటర్లు కొండమీద ఎందుకు చెల్లవని చాలాకాలం గొడవ చేశారు, చివరికి 2025 మార్చి నుంచి వాళ్ళ ఎంపీల, ఎమ్మెల్యేల లెటర్లు కూడా వారంలో కొన్ని రోజులకి తీసుకుంటున్నారు. నేనొకసారి మా అత్తగారి వాళ్ళ కోసం తీసుకున్నా, మూడు రోజుల ముందు చెప్తే ఇచ్చారు, పైసా అడగలేదు, దర్శనం బాగా అయింది. ఈ ఐటమ్‌కి ఫుల్ మార్కులు ఇచ్చేయొచ్చు. కాకపోతే పదహారు లక్షల మంది ఓటర్లున్న నియోజకవర్గం ఢిల్లీకి పంపించిన మనిషి ఆఫీసులో సగం టైము దర్శనం లెటర్లకే పోతోందంటే నవ్వాలో ఏడవాలో, అందులో మా ఇంటి వాటా కూడా ఉంది కాబట్టి ఎక్కువ మాట్లాడను.

రెండోది రైలు ఈక్యూ. వెయిటింగ్ లిస్టులో ఉన్న టికెట్ పీఎన్ఆర్ నంబర్ ఇస్తే ఎమర్జెన్సీ కోటాకి లెటర్ పెడతారు, చార్ట్ తయారయ్యేలోపు కన్ఫర్మ్ అయితే అయినట్టు లేకపోతే లేదు. మా తమ్ముడికి సికింద్రాబాద్ నుంచి ఢిల్లీకి రెండుసార్లు పెట్టించా, ఒకసారి అయింది, ఒకసారి కాలేదు. సంక్రాంతి ముందు వారం అడగొద్దు, పీఏ ఫోనే ఎత్తడు.

మూడోది ఆస్పత్రి లెటర్, ఇది సీరియస్ విషయం కాబట్టి కొంచెం వివరంగా రాస్తా. ముఖ్యమంత్రి సహాయనిధికి ఎమ్మెల్యే దగ్గరికి వెళ్ళినట్టే ప్రధానమంత్రి జాతీయ సహాయనిధికి ఎంపీ లెటర్ పెట్టిస్తారు. ఆరోగ్యశ్రీలో రాని జబ్బో, వచ్చినా ప్యాకేజీ సరిపోని కేసో అయితేనే ఇటు రావాలి. మా షాపు పక్కన టైలరింగ్ చేసే ఆయన కొడుక్కి ఆపరేషన్ అన్నారు, ఆస్పత్రి వాళ్ళిచ్చిన ఖర్చు ఎస్టిమేటు ఒరిజినలు, ఆదాయ ధృవీకరణ, నివాసం కాగితం, ఫోటోలు అన్నీ నేనే సెట్ చేసి ఇచ్చా. పీఏ ఆ రోజే సంతకం పెట్టించి పంపించాడు, ఎంపీ ఢిల్లీలో ఉంటే అక్కడికే స్కాన్ పంపి మరీ. కొన్ని వారాలకి శాంక్షన్ లెటర్ వచ్చింది, ఎస్టిమేట్ మొత్తం కాదు, కొంత. డబ్బు మన చేతికి రాదు, ఆస్పత్రికే వెళ్తుంది. చాలామంది చేసే తప్పేంటంటే ముందు అప్పు చేసి ఆపరేషన్ అయిపోయాక బిల్లులు పట్టుకొస్తారు, అయిపోయిన ఖర్చుకి ఇవ్వరు, ముందే పెట్టాలి. ఇది చెప్పేవాళ్ళు లేక మా మండలంలో ఎంతమంది తిరిగి వెళ్ళిపోయారో. ఆఫీసు గోడ మీద ఇన్ని ఫోటోలు పెట్టుకున్నారు గదా, ఈ ఒక్క కాగితం పెద్ద అక్షరాలతో అంటిస్తే ఏం పోయేది?

పని చెయ్యని లెటర్లు కూడా చెప్పాలి కదా. ట్రాన్స్‌ఫర్ లెటర్లు వట్టి కాగితాలు, పెట్టించుకునే వాళ్ళకీ తెలుసు, ఇచ్చే వాళ్ళకీ తెలుసు. ఉద్యోగం లెటర్లు ఇంకా దండగ. కేంద్రీయ విద్యాలయం సీట్లయితే మొన్నటిదాకా ఒక్కో ఎంపీకి పది ఉండేవి, జూన్ వచ్చిందంటే ఆ పది సీట్ల కోసం ఆఫీసు ముందు జాతరే, 2022లో ఆ కోటా మొత్తం ఎత్తేశారు. పీఏకి ఆ రోజు ఎంత సంతోషం అంటే, "అన్నా పది మందికి ఇచ్చి వెయ్యి మందితో తిట్లు తినే బాధ తప్పింది" అన్నాడు. పింఛను, ఇంటి పట్టా, కరెంటు స్తంభం, రేషన్ కార్డు ఇవన్నీ రాష్ట్రం పనులు, వీటికి ఎంపీ దగ్గరికి వెళ్ళడం అంటే కిరాణా కొట్టుకెళ్ళి చెప్పులడిగినట్టే. ఎంపీ దగ్గరికి తీసుకెళ్ళాల్సినవి వేరు: రైలు గేటు, హైవే మీద అండర్‌పాస్, పోస్టాఫీసు, పాస్‌పోర్టు, బీఎస్ఎన్ఎల్ టవరు, పీఎఫ్, పత్తి కొనే సీసీఐ సెంటరు. ఈ లిస్టు తెలిసిన వాళ్ళకి సర్వీసు బాగుంటుంది, తెలియని వాళ్ళకి పాస్‌బుక్‌లో తప్పు పడితే కూడా ఎంపీనే కనిపిస్తాడు.

ఆ లిస్టులో నేను స్వయంగా దెబ్బతిన్న ఐటమ్ రైలు గేటు. 2019 జనవరి నాటికి దేశం మొత్తం బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ తీసేశారు, మంచి పనే, ఎన్ని ప్రాణాలు పోయేవో. మా ఊరి పక్క గేటు కూడా తీసేసి కింద నుంచి ఆర్‌యూబీ కట్టారు, అంటే పట్టాల కింద సొరంగం లాంటి దారి. కట్టినప్పుడు కొబ్బరికాయ కొట్టారు, బానే ఉంది. మొదటి వానకే అది చెరువైంది. నీళ్ళు పోవడానికి దారే లేదు, పక్క పొలాల నీళ్ళన్నీ అందులోకే. ఆ ఏడాది నేను షాపు కోసం కొత్త ప్రింటర్ కొని ఆటోలో తెస్తున్నా, ఆర్‌యూబీ మధ్యలో ఆటో ఆగిపోయింది, ఇంజన్లోకి నీళ్ళు, డ్రైవర్ దిగి "అన్నా ఇంక మీ ఇష్టం" అన్నాడు. పన్నెండు వేల ప్రింటర్ అట్టపెట్టె నెత్తిన పెట్టుకుని తొడల్లోతు నీళ్ళల్లో నడిచి ఊళ్ళోకొచ్చా. మా ఆవిడ ఆ ఫోటో ఎవరి దగ్గర్నుంచి సంపాదించిందో ఇప్పటికీ చుట్టాలకి చూపిస్తుంది. స్కూలు బస్సు వానాకాలం మొత్తం ఏడు కిలోమీటర్లు చుట్టు తిరిగేది, మిరపకోత కూలీల ఆటోలు అసలు వచ్చేవే కాదు, కూలీలు రాక కాయ చెట్టు మీదే పండిపోయేది.

అప్పుడు ఊరంతా సంతకాలు పెట్టిన అర్జీ నేనే టైపు చేశా, పంచాయతీ తీర్మానం జత చేసి, ఫోటోలు కలర్లో ప్రింట్ తీసి (ఆ ప్రింటర్ మీదే) తీసుకెళ్ళా. మొదటి ఏడాది వచ్చింది ఒక ఉత్తరం, అది కేంద్రమంత్రి ఆఫీసు నుంచి ఎంపీకి, "మీ లేఖ అందింది, సంబంధిత అధికారులను పరిశీలించమని కోరాను" అని. దాన్ని మా సర్పంచి లామినేషన్ చేయించి పంచాయతీ ఆఫీసులో పెట్టాడు, లామినేషన్ డబ్బులు నాకింకా బాకీ. రెండో ఏడాది ఎంపీ దీన్ని లోక్‌సభలో రూల్ 377 కింద పెట్టారు. 377 అంటే జీరో అవర్‌లో అరుపులు కాదు, నియోజకవర్గం సమస్యని రాసిచ్చి చదవడమో, టైము లేకపోతే చదివినట్టుగా సభ ముందు పెట్టడమో. మా ఊరి పేరు పార్లమెంటు రికార్డులో ఎక్కింది, స్పెల్లింగ్ తప్పుతో ఎక్కిందనుకోండి, రెండు అక్షరాలు మారితే ఇంకో జిల్లాలో ఊరు అవుతుంది, అయినా ఎక్కింది. దానికి శాఖ నుంచి జవాబు రావడానికి నెలలు పట్టింది, జవాబులో ఏముందంటే నీళ్ళు నిలవకుండా చర్యలు తీసుకుంటున్నాం అని. మేమందరం ఆ జవాబు చదువుతున్న రోజు కూడా నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి.

పని అయింది ఎక్కడంటే, రైల్వే జోన్ జీఎం అప్పుడప్పుడూ ఆ పరిధిలో ఉన్న ఎంపీలందరితో మీటింగ్ పెడతారు, ఎంపీలు తమ డిమాండ్ల లిస్టు ఇస్తారు, రైల్వే వాళ్ళు ఒక్కోదానికీ జవాబు రాసి పుస్తకంలాగా ఇస్తారు. ఆ మీటింగ్‌లో ఎక్కువమంది అడిగేది ఫలానా రైలుకి ఫలానా స్టేషన్లో హాల్టు ఇవ్వండి అని, అది పేపర్లో పడుతుంది, స్టేషన్లో జెండా ఊపొచ్చు, ఫోటో వస్తుంది. ఆర్‌యూబీలో నీళ్ళు తోడించడానికి జెండా ఊపలేం కదా. అయినా మా పీఏ దాన్ని లిస్టులో ఎక్కించాడు, మీటింగ్‌కి ముందు రోజు నాకు ఫోన్ చేసి కొత్త వాన ఫోటోలు పంపమన్నాడు. మరుసటి ఏడాదికి పక్కన సంపు తవ్వి మోటారు పెట్టారు, పైన రేకుల షెడ్డు వేశారు. ఇప్పుడు వానొస్తే చీలమండ దాకానే ఉంటాయి, మోటారు స్విచ్ వేసే మనిషి వస్తే. మొత్తం మూడేళ్ళ చిల్లర పట్టింది. డెలివరీ లేటు గానీ సరుకు వచ్చింది, నేను నాలుగు స్టార్లు ఇస్తా.

ఇక అందరూ అడిగేది ఎంపీ ల్యాడ్స్ నిధులు, అంటే నియోజకవర్గంలో పనులకి ఎంపీ సిఫార్సు చేసే డబ్బు. ఏడాదికి 5 కోట్లు. వినడానికి పెద్ద సంఖ్య, లెక్కేస్తే అసలు సంగతి తెలుస్తుంది. 2024లో ఆంధ్రాలో ఓటర్లు 4 కోట్ల 13 లక్షల పైనే, 25తో భాగిస్తే ఒక్కో ఎంపీకి పదహారున్నర లక్షలు, అంటే తలకి ఏడాదికి ముప్పై రూపాయలు. నా షాపులో పదిహేను జిరాక్సుల డబ్బులు. 1993లో ఈ పథకం మొదలైనప్పుడు ఐదు లక్షలతో మొదలైంది, తర్వాత కోటి, రెండు కోట్లు, 2011 నుంచి ఐదు, అప్పట్నుంచి అక్కడే ఉంది, సిమెంటు బస్తా ధర మాత్రం అక్కడే లేదు. పైగా 2020 ఏప్రిల్లో కరోనా అని రెండేళ్ళకి ఆపేశారు, మధ్యలో 2021 నవంబర్లో మళ్ళీ మొదలెట్టి ఆ ఏడాదికి రెండు కోట్లిచ్చారు. అంటే మా ఎంపీకి ఐదేళ్ళ పదవిలో ఏడాదిన్నర పైనే నిధులు గోవిందా. ఊళ్ళో ఎవరికీ ఇది తెలియదు, "నిధులన్నీ తినేశాడు" అంటారు. అసలు తినడానికి డబ్బు ఆయన చేతికే రాదు, ఆయన పని సిఫార్సు చేస్తాడు, శాంక్షన్ చేసేది పని చేయించేది జిల్లా కలెక్టర్ యంత్రాంగం. అందులో 15 శాతం ఎస్సీ, 7.5 శాతం ఎస్టీ జనం ఉండే చోట్లకి పోవాలి. ఆయన్ని తిట్టాలంటే దేనికి సిఫార్సు చేశాడో చూసి తిట్టాలి.

మా మండలానికి వచ్చినవి: ఒక బస్ షెల్టరు, రెండు హైమాస్ట్ లైట్లు, ఒక మంచినీళ్ళ ఆర్వో ప్లాంటు, హైస్కూల్లో రెండు గదులు. స్కూలు గదులు బంగారం, ఆర్వో ప్లాంటు ఏడాదిన్నర నడిచి ఫిల్టర్ మార్చే దిక్కులేక మూతపడింది, కట్టడానికి డబ్బులిస్తారు గానీ నడపడానికి ఎవరూ ఇవ్వరు, అది పంచాయతీ నెత్తిన. బస్ షెల్టరు కథ వేరే. బస్సు ఆగే చోటుకి వంద గజాల అవతల కట్టారు, ఎందుకంటే ప్రభుత్వ స్థలం అక్కడే ఉంది. దాంట్లో ఎవరూ నిలబడరు, మధ్యాహ్నం పేకాట, రాత్రి కుక్కలు. శిలాఫలకం మీద మాత్రం పదకొండు పేర్లు, నేను లెక్కపెట్టా, ఎంపీ పేరు ఎమ్మెల్యే పేరు కంటే కింద వచ్చిందని ప్రారంభోత్సవం రోజు చిన్నపాటి యుద్ధం జరిగింది. మా రామాలయం ప్రహరీకి అడిగితే గుళ్ళకీ మసీదులకీ చర్చిలకీ ఈ నిధులు కుదరవన్నారు, రూల్ ప్రకారం కరెక్టే, మా వాళ్ళు మాత్రం ఆయన్ని నాస్తికుడన్నారు. 2023 ఏప్రిల్ నుంచి ఈ పనులన్నీ ఈ-సాక్షి అని పోర్టల్లో పెట్టడం మొదలెట్టారు, సిఫార్సు నుంచి బిల్లు దాకా ఆన్‌లైన్లోనే.

ఆదర్శ గ్రామం సంగతి ఒక ముక్క. 2014 అక్టోబర్లో సాంసద్ ఆదర్శ గ్రామ యోజన అని పెట్టారు, ప్రతి ఎంపీ ఒక ఊరు దత్తత తీసుకుని 2016కల్లా బాగుచెయ్యాలి, 2019కి ఇంకో రెండు. నెల్లూరు జిల్లా పుట్టంరాజువారి కండ్రిగ సచిన్ టెండూల్కర్ తీసుకున్నాడు, అప్పుడు ఆయన రాజ్యసభ సభ్యుడు, తన ఎంపీ నిధులు పెట్టాడు, రెండుసార్లు వచ్చాడు కూడా, ఊరికి రోడ్లూ డ్రైనేజీ వచ్చాయి. అందరికీ సచిన్ దొరకడు కదా. దీనికి వేరే నిధులంటూ లేవు, ఉన్న పథకాలనే పట్టుకొచ్చి ఒక ఊళ్ళో కుప్పపొయ్యాలి, అలా పోస్తే పక్క ఊరోళ్ళు ఊరుకోరు. మా ఎంపీ ఏ ఊరు దత్తత తీసుకున్నారో ఆ ఊరోళ్ళకే తెలియదని పీఏనే జోకేసేవాడు.

ఇప్పుడు పార్లమెంటు. నిజానికి మనం ఆయన్ని పంపింది దీనికే, మనం చూడనిది కూడా దీన్నే. నేను కరోనా టైములో షాపు మూసుకుని ఖాళీగా ఉండి చూడ్డం మొదలెట్టా, తర్వాత అలవాటైపోయింది, సంసద్ టీవీ పెట్టుకుని జిరాక్సులు తీస్తుంటే కస్టమర్లు రిమోట్ అడిగేవాళ్ళు. మొదట ఏం అర్థంకాదు. పొద్దున పదకొండుకి ప్రశ్నోత్తరాలు, రోజుకి స్టార్ ప్రశ్నలు ఇరవై, వాటిలో నోటితో జవాబు వచ్చేవి నాలుగో ఐదో, ఇవి కాక 230 స్టార్ లేనివి, వాటికి రాతపూర్వక జవాబే. ఎవరి ప్రశ్న వస్తుందో లాటరీ. మా ఎంపీ మాట్లాడింది టీవీలో నేను చూసింది ఐదేళ్ళలో ఒక్క చేతి వేళ్ళకి సరిపోతుంది, అందుకని పనికిమాలినోడు అనుకున్నా. తర్వాత పార్లమెంటు సైట్లోకి వెళ్ళి పేరు కొట్టి చూస్తే రాతపూర్వక ప్రశ్నలు వందకి పైనే ఉన్నాయి. పత్తి మద్దతు ధర, సీసీఐ సెంటర్లు, పోస్టాఫీసులో పాస్‌పోర్టు కేంద్రం, హైవే మీద సర్వీసు రోడ్డు, అన్నీ మా వైపు గోలే. జవాబులు సగం "ఎ నుంచి డి వరకు: వివరాలు అనుబంధంలో ఉన్నాయి" అనే టైపు, కానీ ఆ అనుబంధంలో జిల్లాలవారీ లెక్కలుంటాయి, అవి ఆర్టీఐ పెట్టినా అంత త్వరగా రావు. మా పత్తి రైతులు సీసీఐ సెంటర్ కోసం కలెక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు అలాంటి ఒక జవాబే ప్రింట్ తీసి చేతిలో పెట్టా, పక్క జిల్లాకి ఎన్ని సెంటర్లో మనకెన్నో అందులో ఉంది. సెంటర్ వచ్చింది, పత్తిలో తేమ ఎక్కువుందని సగం బళ్ళు తిప్పి పంపారు, అది ఇంకో రివ్యూ.

ఇందులో ఆయన చేతుల్లో లేనివి కూడా ఉన్నాయి, న్యాయంగా చెప్పాలి. ఆ లోక్‌సభ ఐదేళ్ళూ కలిపి కూర్చున్నది 274 రోజులు, పూర్తి కాలం నడిచిన లోక్‌సభల్లో అంత తక్కువ ఎప్పుడూ లేదు. అంటే ఏడాదికి యాభై అయిదు రోజులు, మా హైస్కూలు పిల్లలే నయం. 2020 సెప్టెంబర్ సమావేశాల్లో కరోనా పేరుతో ప్రశ్నోత్తరాల సమయమే పెట్టలేదు. 2023 మార్చిలో బడ్జెట్ పద్దులన్నీ ఒక్క శాఖ మీద కూడా చర్చ లేకుండా గొడవల మధ్యే పాసైపోయాయి, వ్యవసాయం, రైల్వే, గ్రామీణాభివృద్ధి, అన్నీ. మా ఎంపీ ఎంత ప్రిపేర్ అయి వెళ్ళినా మాట్లాడే చోటే లేకపోతే ఏం చేస్తాడు. సొంతంగా బిల్లు పెడదామన్నా, శుక్రవారం సాయంత్రం రెండున్నర గంటలు ప్రైవేటు మెంబర్లకి, అంటే మంత్రులు కాని ఎంపీలకి, ఇన్నేళ్ళలో అలాంటి బిల్లులు చట్టాలైనవి పద్నాలుగు, చివరిది 1970లో. అప్పటికి నేనింకా పుట్టలేదు.

ఓటు సంగతి అంతే. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక పార్టీ విప్ ఇచ్చిందంటే ఎంపీ చెయ్యి పార్టీదే. ఊరు ఒకటి కోరుకుని పార్టీ ఇంకోటి చెప్తే ఆయన పార్టీ చెప్పినట్టే నొక్కాలి, లేకపోతే సీటు పోతుంది. మన తెలుగోళ్ళకి ఇది కొత్తగా చెప్పాలా. 2014 ఫిబ్రవరి 13న సభలో పెప్పర్ స్ప్రే, 18న విభజన బిల్లు పాసైన రోజు టీవీలో లైవ్ ఆగిపోయింది, టీ కొట్టు దగ్గర జనమంతా కేబుల్ వాడికి ఫోన్లు, వాడేమో నా తప్పు కాదు మొర్రో అని. 2018 జులై 20న ప్రత్యేక హోదా కోసం అవిశ్వాసం పెడితే ఓటింగ్‌లో అనుకూలంగా 126, వ్యతిరేకంగా 325. అరిచినా ఓడినా ఆ రెండు రోజులూ ఊరు ఊరంతా పార్లమెంటు చూసింది. మామూలు రోజుల్లో సంసద్ టీవీ చూసేది ఈ జిల్లాలో నేనూ, ఎంపీ వాళ్ళ అమ్మగారూ అనుకుంటా.

మా తాతయ్యకి ఇదంతా చెప్తే ఆయన ఎన్జీ రంగా గారి దగ్గర మొదలెట్టేవాడు, యాభై ఏళ్ళు పార్లమెంటులో ఉండి గిన్నిస్ బుక్కులో ఎక్కిన మనిషి, మా వైపు రైతులకి దేవుడు. దానికి మా పెదనాన్న సుందరయ్య గారు ఢిల్లీలో సైకిలు మీద పార్లమెంటుకి వెళ్ళేవాడని ఎత్తుకునేవాడు. ఇద్దరూ కొట్టుకుంటుంటే మా నాయనమ్మ "సైకిలు మీద వెళ్తే ఆర్‌యూబీ దాటలేడు" అని ఒక్క మాట అనేది.

ధర విషయానికొస్తే, ఎంపీ జీతం 2023 ఏప్రిల్ నుంచి లెక్కేసి నెలకి 1,24,000 చేశారు, ఆ ఉత్తర్వు 2025 మార్చిలో వచ్చింది, నియోజకవర్గం భత్యం ఆఫీసు ఖర్చు విడిగా. మా వాళ్ళు అమ్మో అంటారు. నేనైతే ఆ ఆఫీసు ఖర్చు ఇంకా పెంచినా తప్పులేదంటా, కాకపోతే ఆ డబ్బుతో పని తెలిసిన మనుషుల్ని పెట్టాలి, అన్నిటికీ "అయిపోద్ది బాబాయ్" అనే వాళ్ళని కాదు. ఏడు సెగ్మెంట్లకి ఒకే పీఏ కోపంగా కూర్చుంటే ఎక్కడ సరిపోతుంది. మండలానికి నెలకోసారి వచ్చి ఒక బల్ల వేసుకుని కూర్చున్నా చాలు, రెండు బస్సులు మారి అక్కడిదాకా రాలేని ముసలోళ్ళే కదా అసలు అవసరం ఉన్నోళ్ళు.

దిశ మీటింగుల్లో మాత్రం ఆయన నిజంగా దొరికిపోయాడు. కేంద్రం పథకాలన్నీ జిల్లాలో ఎలా జరుగుతున్నాయో చూసే కమిటీ అది, ఎంపీనే ఛైర్మన్, మూడు నెలలకోసారి పెట్టాలి. ఉపాధి హామీ కూలి బకాయిలు, గ్రామ సడక్ రోడ్లు, ఇళ్ళు, కుళాయిలు, అన్ని శాఖల అధికార్లూ ఎదురుగా కూర్చోవాల్సిందే. ఎంపీ చేతిలో ఉన్న నిజమైన కర్ర ఇదొక్కటే. మా జిల్లాలో ఆ మీటింగు నాకు తెలిసి ఏడాదికి ఒకసారి జరిగితే గొప్ప, అది కూడా శాలువాలు కప్పడంతో సగం అయిపోయేది. పార్లమెంటులో టైము దొరకలేదంటే ఒప్పుకుంటా, లాటరీలో పేరు రాలేదంటే ఒప్పుకుంటా, నిధులు ఆపేశారంటే ఒప్పుకుంటా. దీనికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు కదా. ఒక స్టార్ ఇక్కడే కోసేశా, ఇంకో సగం ఆర్వో ప్లాంటు దగ్గర.

మొత్తానికి ఐదుకి మూడున్నర. మా వీధిలో ఇది చెప్తే డబ్బులు తీసుకున్నావా అన్నారు. తీసుకోలేదు, పైన రాసినవన్నీ కలిపి వేసుకున్న నంబరు అది. ఇప్పుడు కొత్త ఎంపీ వచ్చారు, ఆఫీసు మారింది, పీఏ మారాడు, ఫ్లెక్సీ మారింది, కుర్చీలు అవే. కొత్త పీఏ ఇంకా అన్నిటికీ అయిపోద్ది అనే స్టేజిలోనే ఉన్నాడు, ఇంకో ఏడాది వాడాక మళ్ళీ రాస్తా.

వెళ్ళేవాళ్ళకి: పొద్దున పదకొండు లోపు వెళ్ళండి, సమావేశాలు జరిగే రోజుల్లో ఎంపీ సంతకం ఢిల్లీ నుంచి రావాలి కాబట్టి రెండు రోజులు ఎక్కువ వేసుకోండి, అర్జీ ఒక పేజీ దాటనివ్వద్దు, పైన ఫోన్ నంబర్ రాయండి, రిసీవ్డ్ స్టాంపు వేయించుకోకుండా బయటికి రాకండి. ఆధార్ జిరాక్సు రెండు కాపీలు ఇక్కణ్నుంచే తీసుకెళ్ళండి, అక్కడి మెషిన్ నేను వెళ్ళిన ఏ రోజూ పనిచెయ్యలేదు. మా షాపులో రెండు రూపాయలే.